రేవుకు బాట వేసిన కాటన్ దొర

ఓడరేవు అనగానే సముద్రం, నౌకలు, దీపస్తంభం మన కన్నుల ముందు మెదులుతాయి. కాని రేవు బలం సముద్రంలో కంటె దాని వెనుకనున్న నేలలోనే ఎక్కువగా ఉన్నది. ఆ నేలపై పండిన పంట తీరాన్ని చేరడానికి బాట లేనిచో ఎన్ని నౌకలు వచ్చినా ఫలితం స్వల్పమే. ఈ సత్యాన్ని తెలుగు నేలపై ఆచరణలో చూపిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్. ఆయనను మనం ఆనకట్టల నిర్మాతగా ఎరుగుదుము. రేవులకూ లోపలి ప్రాంతాలకూ లంకె వేయడానికి జీవితమంతా శ్రమించిన వ్యక్తిగా ఆయనను విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడం మా ఉద్దేశం.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. ఆడిస్కోంబు సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం పొంది, 1821లో మన దేశానికి వచ్చారు. ఉద్యోగం తొలినాళ్లలోనే భారతదేశానికీ సింహళానికీ నడుమనున్న పాంబన్ జలమార్గాన్ని సర్వే చేసే పని ఆయనకు లభించింది. ఓడల రాకపోకలపై ఆయన దృష్టి ఆనాడే నిలిచిందని చెప్పవచ్చు. తరువాత 1836లో కావేరి పాయయైన కొల్లిడంపై ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను కాపాడారు. ఆ రోజులలోనే మద్రాసు దగ్గర ఎర్రకొండల నుండి రాళ్లను తరలించడానికి వేసిన రైలు పట్టాల పని కూడా ఆయనదే. రైలు ఎరుగక కాలువలను కోరిన వ్యక్తి కాడని గ్రహించడానికే ఈ సంగతి చెబుతున్నాము.

అప్పటి గోదావరి మండలం దుస్థితిలో ఉండేది. 1832–33 నాటి కరవు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ప్రజలను కుంగదీశాయి. 1821లో సుమారు 7,38,000 ఉన్న మండల జనాభా 1841 నాటికి సుమారు 5,61,000కు తగ్గిపోయింది. నది నిండుగా పారుతున్నా చేలకు నీరు లేదు. పంట పండిన ఏడు కూడా వానలకు బురదగా మారిన బండి బాటలపై ధాన్యాన్ని రేవుకు చేర్చడం కష్టం. కరవు వచ్చిన ఏడు బయటి ధాన్యం ఊళ్లకు చేరడమూ అంతే కష్టం.

కాటన్ ఈ రెండు కష్టాలకు ఒకే ఔషధం ఆలోచించారు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ప్రారంభమైంది. వీణెం వీరన్న వంటి స్థానికుల సహకారంతో, వేలాది కూలీల చెమటతో 1852లో అది పూర్తయింది. అందులో మనం ముఖ్యంగా గమనించవలసినది కాలువల నిర్మాణం. పొలాలకు నీరిచ్చే కాలువలనే పడవలు నడిచేటట్లు వెడల్పుగా త్రవ్వించి, నేల వాలు మారిన చోట్ల లాకులు కట్టించారు. పడవ లాకులోనికి ప్రవేశించగానే తలుపులు మూసి, నీటిని పెంచియో తగ్గించియో దానిని పై మట్టానికి గాని క్రింది మట్టానికి గాని చేరుస్తారు. ఇట్లు ఒకే నీరు పైరుకు ప్రాణమూ, సరకుకు బాటా అయింది. పూడికతో, తుపానులతో కోరంగి క్షీణించగా డెల్టా పంటకు కాకినాడ ప్రధాన ద్వారమైంది. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసినా, కాలువల మీదుగా వచ్చిన సరకు నావలపై వాటిని చేరేది.

కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఏలూరు వద్ద గోదావరి, కృష్ణా కాలువలు కలిశాయి. కృష్ణకు ఆవల కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలిసింది. ఆ విధంగా కాకినాడ నుండి మద్రాసు వరకు జలమార్గం ఏర్పడింది.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్ ఆశయం అంతటితో ఆగలేదు. గోదావరి ఎగువన పడవలు నడిపి, నాగపూరు, బీరారు ప్రాంతాల ప్రత్తిని కాకినాడకు చేర్చాలన్నది ఆయన సంకల్పం. అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవైన రోజులవి. దుమ్ముగూడెం వద్ద రాతిబండలను దాటడానికి ఆనకట్ట, కాలువ, లాకులు కట్టనారంభించారు. కాని 1865లో యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూరును చేరింది. ప్రత్తి పడమటి దారి పట్టగా, 1871లో పని నిలిచిపోయింది. నీటిపారుదలకూ పడవలకూ ఉద్దేశించి ఒక కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ కూడా నష్టపడి, 1882లో ప్రభుత్వపరమైంది. కాటన్ లెక్కలు అన్నివేళలా ఫలించలేదని మనం ఒప్పుకొనక తప్పదు. డెల్టా వంటి సమతల భూమిలో సుకరమైన పని, రాతి నేలలో దుష్కరమైంది.

1876–78 నాటి ఘోర కరవు పిమ్మట, 75 ఏళ్ల వయస్సులో ఆయన బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు నిలిచి, దేశమంతటా జలమార్గాలు కావాలని వాదించారు. వాదన నెగ్గలేదు. రైళ్లకే ప్రాధాన్యం దక్కింది. 1874లో హైదరాబాదు రాజ్యం వాడి మీదుగా బొంబాయితో, 1889లో బెజవాడతో రైలు ద్వారా కలిసింది. 1899 జూలై 24న కాటన్ కన్నుమూశారు. మరుసటి ఏడే గోదావరిపై రైలు వంతెన తెరచుకొన్నది. క్రమంగా కాలువలలో పడవల సందడి సన్నగిల్లింది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదులలోని కొన్ని భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా చట్టం ప్రకటించింది. నూరేళ్లకు పైబడి పాతబడిన ఆలోచన మరల చర్చకు వచ్చిందన్నమాట. రైలా, రోడ్డా, కాలువా అన్నది కాలాన్నిబట్టి, నేలనుబట్టి తేలవలసిన విషయం. కాని రేవు కట్టేవారు లోనాటి రైతు బండి ఎచ్చట ఆగిపోతున్నదో ముందుగా చూడవలెనన్న కాటన్ పాఠం మాత్రం పాతబడలేదు. రేపు ఇంజనీర్లుగా, వర్తకులుగా, పాలనాధికారులుగా ఎదగబోయే మన విద్యార్థులు ఆయన విజయాలతోపాటు అపజయాలను కూడా చదువవలెనని మా మనవి.