వజ్రంలో శబ్దాన్ని కొలిచిన గుడివాడ విద్యార్థి.. సూరి భగవంతం కథ తెలుసా?

వజ్రంలో శబ్దం ఎంత వేగంగా వెళ్తుంది? ఇప్పుడైతే ఫోన్‌లో వెతికితే దొరికే అంకె ఇది. కానీ 1940ల్లో వాల్తేరులో దీన్ని ప్రయోగం చేసి తేల్చింది కృష్ణా జిల్లాకు చెందిన ఓ శాస్త్రవేత్త. ఆయనే డాక్టర్ సూరి భగవంతం.

గుడివాడ నుంచి రామన్ ల్యాబ్‌కు..

భగవంతం 1909 అక్టోబర్ 14న ఆగిరిపల్లిలో పుట్టారు. గుడివాడలో స్కూలు చదువు, హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ. ఆయన కాలేజీ కుర్రాడిగా ఉన్న రోజుల్లోనే, 1926లో, బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. ల్యాబ్‌లకు కావాల్సిన పరికరాలు తయారుచేసే సంస్థ అది. 1983లో దాన్ని బీఈఎల్ తీసుకుంది. అంటే కొలత పరికరాలతో ఈ డెల్టాకు ఉన్న బంధం ఇప్పటిది కాదన్నమాట.

1928లో భగవంతం కలకత్తా వెళ్లి సర్ సీవీ రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ వెలుగులోకి వచ్చిన ఏడాది అది. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు.

చెవికి వినపడని శబ్దంతో..

అక్కడ ఆయన పట్టుకున్న అంశాల్లో ఒకటి అల్ట్రాసోనిక్స్. అంటే మన చెవికి అందనంత వేగంగా కంపించే శబ్దం. శిష్యుడు భీమసేనాచార్‌తో కలిసి దాన్ని వజ్రంలోకి పంపారు.

పద్ధతి వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. పలచని వజ్రం పలక కొన్ని పౌనఃపున్యాల దగ్గర శబ్దాన్ని బాగా దాటనిస్తుంది. ఆ పౌనఃపున్యం, పలక మందం తెలిస్తే శబ్ద వేగం లెక్కకట్టొచ్చు. ఆ వేగం నుంచి వజ్రం ఎంత గట్టిదో తేలుతుంది. అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. వేగంలో ఒక్క శాతం తేడా వస్తే, గట్టిదనం లెక్కలో దాదాపు రెండు శాతం తేడా వస్తుంది. ఒక పెద్ద అంకెలోంచి ఇంకో పెద్ద అంకె తీసేసి రాబట్టే విలువ అయితే ఇంకా ఘోరం. చిన్న పొరపాటు కూడా అక్కడ కొండంత అవుతుంది.

1946లో ఈ ఫలితాలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు మెరుగైన పరికరాలతో మళ్లీ కొలిచారు. వాల్తేరు విలువలు మారిపోయాయి. వాటిలో ఒకటైతే దాదాపు మూడో వంతుకు పడిపోయింది!

అంతమాత్రాన వాల్తేరు పని వృథా అయినట్టేనా? కానే కాదు. ఎలా కొలిచారో, ఏ అంకె వచ్చిందో దాచకుండా అచ్చు వేయబట్టే, తర్వాతివాళ్లు పక్కన పెట్టి పోల్చి చూడగలిగారు. కొలత నిలబడేది ఇలాంటి పరీక్షల మీదే.

అదే 1957లో భగవంతం బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. అంతకుముందు ఉస్మానియా వీసీగా పనిచేశారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా డీఆర్‌డీవోను నడిపించారు. చైనా, పాకిస్థాన్‌లతో యుద్ధాలు జరిగిన కాలమది. 1989లో కన్నుమూశారు.

ఇప్పుడు మనకెందుకంటే..

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. బందరు అయినా, గుడివాడ అయినా, దివిసీమ పల్లె అయినా ఇదే రూల్. కానీ మీటరు 3 డెసిబెల్స్ తక్కువ చూపిస్తే? శబ్ద శక్తి రెట్టింపు ఉన్నా అంతా ఓకే అన్నట్టే కనిపిస్తుంది. పక్క గదిలో ముసలాయనకు నిద్ర ఉండదు, రీడింగ్ మాత్రం రూల్ ప్రకారమే ఉంటుంది.

అందుకే కొలిచే ముందు మీటరు మైకుకు క్యాలిబ్రేటర్ తొడుగుతారు. అది సాధారణంగా 1000 హెర్ట్జ్ దగ్గర కచ్చితంగా 94 డెసిబెల్స్ శబ్దం ఇస్తుంది. మీటరు కూడా అంతే చూపించాలి, లేదంటే సరిచేయాలి. ఆ క్యాలిబ్రేటర్‌ను కూడా ఎప్పటికప్పుడు ల్యాబ్‌లో పరీక్షించాల్సిందే. ఇవేవీ లేని ఫోన్ యాప్ అంకె ఒక అంచనాకు పనికొస్తుంది కానీ, సాక్ష్యంగా చూపించడానికి సరిపోదు.