రహీం సాబ్, ఆయన పోలీసులు

హాస్టల్లో ఒక రాత్రి ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ ఎనిమిది మందిమి కూర్చుని మైదాన్ సినిమా చూశాం. అజయ్ దేవగన్ సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తూ ఇండియా ఫుట్‌బాల్ టీముని గెలిపిస్తాడు, మీలో చాలామంది చూసే ఉంటారు. మర్నాడు నర్సీపట్నం ఫోన్ చేసినప్పుడు తాతయ్యకి ఆ కథంతా చెప్పాను. ఆయన పోలీసు డిపార్ట్‌మెంట్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. అంతా విని, ఇండియా టీమ్ సంగతి సరే, మన పోలీసు టీముని చూపించారా లేదా అని అడిగారు. పోలీసు టీమ్ ఏంటి తాతయ్యా అన్నాను. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది.

ఈ వ్యాసం ఆ కోపం వల్ల రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగు తప్పులుంటే క్లబ్ వాళ్లు సరిచేస్తారని ధైర్యం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, యూనివర్సిటీ టీముకి ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన పోలీసు కాదు, గమనించండి. ఒంటి మీద ఖాకీ లేకుండా పోలీసుల్ని పరిగెత్తించిన మాస్టారు అన్నమాట.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీము ఆయన చేతికొచ్చింది. ఇక్కడొక మాట చెప్పాలి. ఈ రోజు పోలీసు టీమ్ అంటే మనకి రిపబ్లిక్ డే రోజు కలెక్టరాఫీసు వాళ్లతో ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్ గుర్తొస్తుంది. అప్పుడలా కాదు. ఆటగాడికి ఉద్యోగం, జీతం, ఆడుకోవడానికి టైము, ఈ మూడూ ఇచ్చే చోట్లు చాలా తక్కువ. పోలీసు శాఖ ఇచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఒట్టికాళ్లతో ఆడే పేదింటి కుర్రాళ్లు కానిస్టేబుళ్లయి, ఆటగాళ్లయ్యారు.

ఇక గెలుపులు. అప్పట్లో ముంబయిలో జరిగిన రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు హైదరాబాద్ పోలీసుదే. ఐదుసార్లు! మోహన్‌బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి కలకత్తా క్లబ్బులు రాజ్యమేలుతున్న రోజులవి. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా 1950 సీజన్‌లో మోహన్‌బగాన్‌నే ఓడించి తెచ్చుకున్నారు, 1954లో మళ్లీ గెలిచారు. 1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ వాళ్లవే. అదే ఊపులో హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956, 57 సీజన్లలో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, యూసఫ్ ఖాన్... ఈ పేర్లు నేను వారం కిందటి దాకా వినలేదు. తాతయ్య మాత్రం ఆగకుండా చెప్పేశారు. ఆయన డిపార్ట్‌మెంట్‌లో చేరింది 1969లో, అప్పటికే ఆట అయిపోయింది. సీనియర్లు డ్యూటీలో చెప్పుకునే కథలే ఆయన విన్నవి.

ఎలా గెలిచారనేదే నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అప్పట్లో మనవాళ్లకి డ్రిబ్లింగ్ పిచ్చి. బంతి దొరికితే నలుగురిని దాటించి చప్పట్లు కొట్టించుకోవాలి. రహీం సాబ్ డ్రిబ్లింగ్ చేయకూడదనే రూల్ పెట్టి టోర్నమెంట్లు నడిపారు. బంతి వచ్చిన వెంటనే ఇంకొకరికి అందించాల్సిందే. కుడికాలి వాటం వాళ్లు ఎడమ కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టారు. ఒక నిర్ణీత ఎత్తు దాటితే ఆడనివ్వని టోర్నమెంట్లు పెట్టి, పొట్టివాళ్లకి, చిన్నవాళ్లకి ఛాన్స్ ఇచ్చారు. ఆలోచిస్తే ఇది మనం ల్యాబ్‌లో చేసే పనే. ఒక్క ఫంక్షన్‌ని విడదీసి, దాన్నొక్కదాన్నే టెస్ట్ చేసి, బాగయ్యాక ప్రోగ్రాంలో కలపడం. ఆయనకి ఇవన్నీ ఎవరు నేర్పారో మరి, బడిలో పిల్లలే నేర్పి ఉంటారు.

తులసీదాస్ బలరామన్ సంగతి కూడా చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి కుర్రాడు. సెలెక్షన్‌కి రమ్మంటే హైదరాబాద్ దాకా రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవు. రహీం గారు అతనికి సైకిల్ ఏర్పాటు చేశారు. సైకిలెక్కి వచ్చిన ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు.

పోలీసు టీముతో పాటే దేశం జట్టుకీ రహీం గారే కోచ్. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్, ఫైనల్లో ఇరాన్ మీద 1-0, బంగారం. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా, ఆ చలిలో ఆడారు. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. హంగరీ జట్టు అప్పట్లో సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి లాగి ఆడించే పద్ధతితో ప్రపంచాన్ని తికమక పెడుతోంది. రహీం గారు ఆ పద్ధతిని ఇండియాకి తెచ్చారు. 1956లో ఆస్ట్రేలియాని వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్లాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. చివరికి నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఆ జట్టులో వాళ్లబ్బాయి ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నారు.

1962 జకార్తా సినిమాలో చూశారు కాబట్టి తొందరగా చెప్పేస్తాను. లీగ్ దశలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ అయిన అతన్ని రహీం గారు ఆ కుట్లతోనే ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియా, స్టేడియం నిండా మనల్ని తిడుతున్న జనం. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. ఆ రోజు గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్, మిడ్‌ఫీల్డ్‌లో యూసఫ్ ఖాన్, ముందు బలరామన్, ముగ్గురూ మన హైదరాబాద్ గ్రౌండ్లలో పెరిగినవాళ్లే. ఇండియా ఫుట్‌బాల్‌కి ఏషియన్ గేమ్స్ బంగారం మళ్లీ రాలేదు.

అప్పటికే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు, 53 ఏళ్లు.

ఇక్కడ సినిమా అయిపోతుంది. తాతయ్య కథ మాత్రం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆయన చూసింది మిగిలిన దాన్నే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నేళ్లకి టీము పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతోనూ బాగానే ఆడారు. 1960లో రోవర్స్, 1961లో మోహన్‌బగాన్ మీద డ్యూరాండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ పంచుకున్నారు. కోచ్ పోయిన ఏడాది కూడా, 1963లో, రోవర్స్ గెలిచారు. మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంటే ఆయన పోగానే కూలిపోలేదు. ఇది నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే నా మనసులో ఈ వ్యాసానికి సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అనే హెడ్డింగ్ రెడీగా ఉంది. సర్వర్ ఆగింది, సిస్టమ్ పడిపోయింది అని రాసేద్దామనుకున్నాను. అలా కాదు. ఆయన తయారుచేసిన ఆటగాళ్లు ఇంకా గెలుస్తూనే ఉన్నారు. ఆగిపోయింది కొత్తవాళ్లు తయారవడం.

పైగా తయారైనవాళ్లు నిలవలేదు. బలరామన్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయారు, తంగరాజ్ మహమ్మడన్ స్పోర్టింగ్‌కి. 1966లో నయీముద్దీన్, హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కి. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి కాంస్యం తెచ్చిన కెప్టెన్ ఈ నయీమే, మన పోలీసు టీములో ఆడినవాడే. కలకత్తాలో లక్ష కళ్లు చూస్తాయి, పేపర్లో ఫొటో పడుతుంది, డబ్బులు వస్తాయి. ఇక్కడ కానిస్టేబుల్ జీతం, బందోబస్తు. వాళ్లని తప్పుపట్టలేను. రేపు ప్లేస్‌మెంట్స్‌లో బెంగళూరు ఆఫర్ వస్తే నేను నర్సీపట్నంలో ఉంటానా? నాన్న ఉండమన్నా ఉండను, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

తాతయ్య కారణం వేరు. ఎంత మంచి ఆటగాడున్నా ఆడించే మాస్టారు లేకపోతే అది డ్రిల్లే అంటారు. ఆయన చేరినప్పుడు ట్రైనింగ్‌లో సాయంత్రాలు ఫుట్‌బాల్ ఉండేదట. బంతిని ఎటు తన్నాలో చెప్పేవాళ్లు లేరు, తన్నకపోతే అరిచేవాళ్లు ఉన్నారు.

తాతయ్య కూడా జీవితమంతా చుట్ట కాల్చినవారే. రహీం గారు దేనివల్ల పోయారో నేను ఫోన్లో చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత దగ్గొచ్చి ఫోన్ నానమ్మకి ఇచ్చేశారు. సంక్రాంతికి వెళ్లేసరికి చుట్టలు మానేశానని చెప్పారు, కానీ నానమ్మ కళ్లతోనే కాదని సైగ చేసింది. ఆ శనివారం ఎక్స్‌రేకి తీసుకెళ్లాం. డాక్టర్ మళ్లీ మూడు నెలలకి రమ్మన్నారు.

ఆ పండక్కే మా వీధి పిల్లల్ని పోగేసి గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. ఎడమ కాలితోనే ఆడాలని రూల్ పెట్టాను. పదేళ్ల పిల్లలు రెండు నిమిషాల్లో అలవాటు పడ్డారు, నేను తన్నిన మొదటి బంతి కాలవలో పడింది. తాతయ్య ప్లాస్టిక్ కుర్చీలో మఫ్లర్ చుట్టుకుని కూర్చుని, నేను కుడికాలు వాడిన ప్రతిసారీ విజిల్ వేశారు. పాత డ్యూటీ విజిలే. ఆట ముగిసేసరికి మావాళ్లు 7-2తో ఓడిపోయారు.