ఆనంద కుమారస్వామి

ఆనంద కెంటిష్ కుమారస్వామి (1877 ఆగస్టు 22 - 1947 సెప్టెంబరు 9) ప్రసిద్ధ కళా చరిత్రకారుడు, తత్వవేత్త. భారతీయ శిల్ప, చిత్రకళల గొప్పతనాన్ని పాశ్చాత్యులకు తెలియజేసిన వారిలో అగ్రగణ్యుడు. చేతిపనులు అంతరిస్తున్న కాలంలో ఒక పాత అచ్చుయంత్రాన్ని కొని, దానిపై తన గ్రంథాన్ని ముద్రించుకున్నాడు.

బాల్యం, విద్య

కుమారస్వామి కొలంబోలో జన్మించాడు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి సింహళానికి చెందిన తమిళుడు. తల్లి ఎలిజబెత్ బీబీ ఆంగ్లేయురాలు. రెండేళ్ళ వయసు నిండకముందే తండ్రి మరణించడంతో ఇంగ్లండులో పెరిగాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో భూగర్భ, వృక్ష శాస్త్రాలు చదివాడు. 1903 నుండి 1906 వరకు సింహళ ఖనిజ సర్వే సంచాలకునిగా పనిచేశాడు. థోరియనైట్ అనే ఖనిజాన్ని కనుగొన్నాడు. ఉద్యోగరీత్యా గ్రామాలు తిరుగుతున్నపుడు అక్కడి వృత్తికళలు క్షీణించడం గమనించి, వాటి అధ్యయనం వైపు మళ్ళాడు.

ముద్రణాలయం

ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్ స్థాపించిన కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం అతని మరణానంతరం 1898లో మూతపడింది. అందులోని ఆల్బియన్ చేతి యంత్రాలను సి.ఆర్. ఆష్‌బీ కొని, ఎసెక్స్ హౌస్ ముద్రణాలయాన్ని ప్రారంభించాడు. ఆష్‌బీ నడిపిన వృత్తికళాకారుల సంఘం 1902లో లండన్ నుండి చిప్పింగ్ క్యాంప్డెన్ అనే చిన్న పట్టణానికి తరలింది. యంత్రాలతో తయారైన చవక వస్తువుల పోటీని సంఘం తట్టుకోలేకపోయింది. పనులు లేనపుడు పనివారికి ఆ పట్టణంలో వేరే ఉపాధి కూడా దొరకలేదు. సంఘం నష్టాలలో కూరుకుపోయి 1908లో రద్దయింది.

ఆ సమయంలో ముద్రణాలయాన్ని కుమారస్వామి తీసుకున్నాడు. సమీపంలోని బ్రాడ్ క్యాంప్డెన్‌లో తన నివాసమైన నార్మన్ చాపెల్‌లో దానిని నెలకొల్పాడు. ఈ యంత్రాన్ని నడపడానికి మనుషుల బలమే ఆధారం. అక్షరాలకు సిరా పూసి, కాగితం పరచి, మీటను లాగితే ఒక్కొక్క ప్రతి వెలువడుతుంది. మోరిస్ 1896లో వెలువరించిన చాసర్ కావ్యసంపుటిని అచ్చువేసిన యంత్రంపైనే కుమారస్వామి తన "మధ్యయుగ సింహళ కళ" గ్రంథాన్ని ముద్రింపజేశాడు. సుమారు 15 నెలలు శ్రమించగా 1908 డిసెంబరులో 425 ప్రతులు పూర్తయ్యాయి. చేతిపనిని గురించిన పుస్తకం చేతిపనితోనే వెలువడింది. 1910 తరువాత ఈ ముద్రణాలయం కొనసాగలేదు.

ఆ యంత్రం తరువాత పలువురి చేతులు మారింది. 1924లో అమెరికన్ అక్షర రూపశిల్పి ఫ్రెడరిక్ గౌడీ దానిని కొన్నాడు. 2013లో న్యూయార్కులో జరిగిన వేలంలో రోచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థ 2,33,000 డాలర్లకు దక్కించుకుంది.

తెలుగువారితో సంబంధం

ఎడింబరోలో చదువుకున్న "ఆంధ్రరత్న" దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి కుమారస్వామి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. దీనికి తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత ప్రతి ఆధారం. ఈ అనువాదాన్ని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. లేపాక్షి నాట్యమండపం వంటి చోట్ల స్తంభాలపై చెక్కిన నాట్యభంగిమలను అర్థం చేసుకోవడానికి ఇటువంటి లక్షణ గ్రంథాలు తోడ్పడతాయి.

చివరి దశ

1917లో కుమారస్వామి అమెరికా వెళ్ళి, బోస్టన్ లలితకళా ప్రదర్శనశాలలో భారతీయ విభాగానికి అధిపతి అయ్యాడు. మరణించేవరకు ఆ సంస్థలోనే పనిచేశాడు. "శివతాండవం" (1918), "భారతీయ, ఇండోనేషియా కళా చరిత్ర" (1927) ఇతని ముఖ్య రచనలు. భారతదేశం స్వతంత్రమైన కొద్ది వారాలకే మసాచుసెట్స్ రాష్ట్రంలోని నీధంలో మరణించాడు.