మృతుల నేత్రాలతో చూపునిచ్చిన ఫిలాటోవ్

కంటిలో పువ్వు పడిందంటే ఒకప్పుడు ఆ కంటిపై ఆశ వదులుకోవలసిందే. మశూచి, ట్రకోమా, పుండు, సున్నం పడి కాలడం వంటి వాటిలో కారణం ఏదైనా, కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర తెల్లబడితే లోపలి కన్ను ఆరోగ్యంగా ఉన్నా చూపు పోయేది. కార్నియా అనే ఆ పొర మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు. చెడిన పొరను తీసి మరొకటి అతకవచ్చని వైద్యులు గ్రహించారు గాని, ఆ మరొకటి ఎక్కడి నుంచి తేవాలన్నదే తేలలేదు. ఆ చిక్కును ఆచరణలో విప్పినవాడు ఒడెస్సా నేత్రవైద్యుడు వ్లాదిమిర్ పెత్రోవిచ్ ఫిలాటోవ్.

ఆయన 1875లో రష్యాలోని పెంజా ప్రాంతపు మిఖాయిలోవ్కా గ్రామంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. తండ్రి సోదరుడైన నీల్ ఫిలాటోవ్ రష్యాలో శిశువైద్యానికి పునాదులు వేసిన ప్రముఖుడు. మాస్కో విశ్వవిద్యాలయంలో 1897లో వైద్యవిద్య ముగించి, 1903లో నల్లసముద్ర తీరాన ఉన్న ఒడెస్సా చేరారు. 1911లో అక్కడి విశ్వవిద్యాలయ నేత్రవైద్య విభాగానికి అధిపతి అయ్యారు. చిత్రాలు గీయడం, కవిత్వం రాయడం ఆయనకు జీవితాంతం ఇష్టమైన వ్యాపకాలు.

అప్పటికి కార్నియా మార్పిడికి ఒక ఉదాహరణ ఉంది. 1905లో ఎడువర్డ్ జిర్మ్ అనే వైద్యుడు సున్నంతో చూపు కోల్పోయిన ఒక కూలీకి, గాయం వల్ల తొలగించవలసి వచ్చిన ఒక బాలుడి కంటి నుంచి కార్నియా తీసి అమర్చారు. ఒక కంటిలో అతుకు నిలిచింది. అయితే ఆ పద్ధతికి బతికున్న మరొకరి కన్ను కావాలి. వ్యాధి వల్లనో ప్రమాదం వల్లనో ఎవరికైనా కన్ను తీసివేయవలసి రావాలి, అందులో కార్నియా మాత్రం చెడకుండా ఉండాలి, అదే వేళకు రోగి సిద్ధంగా ఉండాలి. ఇన్ని కలిసి రావడం అరుదు. చూపు లేనివారు వేలల్లో ఉంటే దొరికే పొరలు వేళ్లపై లెక్కపెట్టేటన్ని.

ఫిలాటోవ్ 1912లో చేసిన తొలి మార్పిడి విఫలమైంది. అయినా ఆయన ఆ పనిని వదలలేదు. ఈలోగా మరో ఆవిష్కరణతో పేరు వచ్చింది. దెబ్బతిన్న కనురెప్పను పునర్నిర్మించడానికి రోగి చర్మాన్నే గొట్టంలా చుట్టి, రక్తప్రసరణ తెగకుండా కొత్త చోటికి చేర్చే పద్ధతిని 1917లో ప్రచురించారు. అదే కాలంలో ఇంగ్లండులో హెరాల్డ్ గిలీస్ వేరుగా ఆ మార్గమే కనుగొన్నారు. కార్నియాను గుండ్రంగా కోసేటప్పుడు లోపలి కటకానికి దెబ్బ తగలకుండా కాపాడే పరికరాలనూ ఫిలాటోవ్ రూపొందించారు. నేటి సన్నని దారాలు లేని కాలమది. అతికిన ముక్కను నిలిపి ఉంచడమే పెద్ద పరీక్ష.

అసలు మలుపు 1931లో వచ్చింది. మరణించినవారి కళ్లను తీసి, గడ్డకట్టనివ్వకుండా రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో భద్రపరచి, వాటి కార్నియాను ఆయన రోగులకు అమర్చారు. మృతుల కార్నియా వాడాలన్న ఆలోచన అంతకుముందు ఇతరులకూ కలిగింది. దానిని పదేపదే చేసి చూపి, ఇతర వైద్యులు అనుసరించగల పద్ధతిగా మలచిన ఘనత మాత్రం ఆయనదే. కార్నియాలో రక్తనాళాలు లేవు. కన్నీటి నుంచి, కంటి లోపలి ద్రవం నుంచి అది పోషణ పొందుతుంది. చలిలో కణాల జీవక్రియ మందగిస్తుంది కనుక ప్రాణం పోయాక కూడా ఆ పొర కొంతకాలం వాడదగినదిగా ఉంటుంది. చికిత్సకు కావలసిన పదార్థం ఇక బతికున్నవారి దురదృష్టం మీద ఆధారపడనక్కరలేదు.

ఆ విజయమే ఆయనను వివాదాస్పదమైన దారికీ నడిపించింది. అతికిన ముక్క చుట్టూ రోగి సొంత పొర కూడా తేటపడటం గమనించి, చలిలో ఉంచిన కణజాలంలో ప్రాణశక్తిని పెంచే పదార్థాలు పుడతాయని ఊహించారు. 1933 నుంచి కలబంద, మాయ వంటి వాటి సారాలతో అనేక జబ్బులకు చికిత్స ప్రచారం చేశారు. సోవియట్ దేశంలో దానికి గొప్ప ఆదరణ లభించినా, శాస్త్రీయ నిరూపణ ఆ స్థాయిలో రాలేదు. విచిత్రమేమంటే మాయలోని పలుచని ఉల్బపొర వేరే దారిలో నేత్రవైద్యంలోకి వచ్చింది. కాలిన కంటి ఉపరితలాన్ని మాన్పడానికి నేడు దానిని వాడుతున్నారు.

1936లో ఒడెస్సాలో ఆయన నాయకత్వాన నేత్రవైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. యుద్ధకాలంలో తాష్కెంటులో పనిచేసి, నగరం విముక్తమయ్యాక తిరిగివచ్చారు. 1941లో స్టాలిన్ బహుమతి, 1950లో సోషలిస్టు శ్రామిక వీరుడు బిరుదు పొందారు. 1956 అక్టోబరు 30న ఒడెస్సాలో కన్నుమూశారు. ఆ సంస్థ నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

మన దేశంలో 1948లో మద్రాసులో డాక్టర్ ముత్తయ్య తొలి కార్నియా మార్పిడి చేశారు. దాతల కొరత మాత్రం ఇంకా తీరలేదు. అందుకే హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మానవ కార్నియా కణజాలం నుంచి కణాలను తొలగించగా మిగిలిన పదార్థానికి మూలకణాలు చేర్చి, త్రీడీ ముద్రణతో కృత్రిమ కార్నియా తయారుచేశారు. 2022లో దానిని కుందేలు కంటికి అమర్చినట్లు ప్రకటించారు. ఆ ముడిపదార్థం కూడా మరణించిన దాతలు ఇచ్చినదే.