దామెర్ల రామారావు: నేర్చిన వచ్చు విద్య

చిత్రలేఖనము పుట్టుకతో రావలసినదేగాని నేర్పిన వచ్చునది కాదను నమ్మకము మన తలిదండ్రులలో గాఢముగా నాటుకొనియున్నది. నిజామాబాదు పట్టణమునను, బోధను చుట్టుపట్ల గ్రామములలోను గృహస్థులు లెక్కలు రాని బాలునికి వేరుగా ఉపాధ్యాయుని కుదుర్చుదురు. బొమ్మ వేయరాని బాలునికి మాత్రము ఆ వరము లేదని చెప్పి ఊరకుందురు. చక్కగా వేయు బాలునికైనను శిక్షణ చెప్పింపరు. దేవుడిచ్చినదానికి గురువేల యని వారి తలంపు. ఈ ఒక్క నమ్మకము వలన ఇద్దరు బాలురును నష్టపడుచున్నారు. ఇది యెంత పొరపాటో తెలిసికొనుటకు దామెర్ల రామారావు జీవితము చాలునని మా అభిప్రాయము.

బోధనునకు సమీపమున కందకుర్తి కడ మంజీరను కలుపుకొని తెలంగాణములో అడుగిడు గోదావరియే రాజమహేంద్రవరము చేరునప్పటికి అఖండగోదావరి యగుచున్నది. ఆ నదీతీరమున 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రామారావు జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు బొమ్మలపై మక్కువ మెండు. 1909 మొదలు 1919 వరకు అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు. ఈ బాలుని చేతివాటమును చూచి మెచ్చుకొని విడిచిపెట్టలేదు. ఇంతటి చేతికిని క్రమశిక్షణ కావలెనని యెంచి ప్రోత్సహించెను. అట్లు 1916లో రామారావు బొంబాయిలోని జె. జె. కళాపాఠశాలలో చేరి, 1920 వరకు అచ్చట విద్య నభ్యసించెను.

అట్టి ప్రజ్ఞావంతునికి నాలుగేండ్ల చదువేల యని పాఠకులు అడుగవచ్చును. ఈ విద్యలో నేర్వవలసినదేమో మేము ఒక ఉదాహరణముచే చెప్పెదము. చెరకు బండిని గీయుమనినచో పిల్లవాడు తాను చూచినదానిని గాక, తనకు తెలిసినదానిని గీయును. బండికి రెండు చక్రములని వానికి తెలియును. గనుక ప్రక్కనుండి చూచునపుడు ఒకటి మరియొకదాని చాటున నున్నను, రెంటిని నిండు గుండ్రములుగా దగ్గర దగ్గరగా నిలుపును. ఇది వాని చేతి లోపము కాదు. కన్నింకను చూడ నేర్వలేదు. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలిచి, ఎద్దు ఎత్తు దాని పొడవులో ఎంత పాలో కనుగొనుట. కాళ్ళ నడుమ నున్న ఖాళీ ఏ ఆకారమున నున్నదో గమనించుట. వెలుగు ఏ దిక్కునుండి పడుచున్నదో, నీడ ఎచ్చట చిక్కబడుచున్నదో పరికించుట. ఇవియే ఈ విద్యకు ఓనమాలు. వీనిలో మంత్రమేదియు లేదు. చెప్పువాడును, దినదినాభ్యాసమును ఉన్నచో ఏ పిల్లవానికైనను పట్టుబడును.

బొంబాయినుండి మరలి వచ్చిన రామారావు కీర్తి త్వరలోనే దేశమున వ్యాపించెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఋష్యశృంగుని కథను చిత్రించిన ఆయన చిత్రమునకు రాజప్రతినిధి బహుమానము లభించెను. ఆ కీర్తితో ఏ మహానగరముననైనను స్థిరపడి ధనమార్జింపగలిగియు, ఆయన రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల స్థాపించి, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పుటకు పూనుకొనెను. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులైరి. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ కార్యమున తోడు నిలిచెను. కుంచె చేపట్టుట స్త్రీలకు అరుదైన ఆ దినములలో ఒక్క కుటుంబమున ఇందరికి ఆ విద్య అబ్బుట కేవలము దైవానుగ్రహమందుమా? దగ్గర కూర్చుండబెట్టుకొని చెప్పువాడొకడు ఆ యింట నుండుటయే కారణమని మేము తలంతుము.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము ఆయనను కబళించెను. అప్పటికాయనకు ఇరువది యెనిమిదేండ్లైనను నిండలేదు. ఆయన విద్య పుట్టుకతో వచ్చిన వరము మాత్రమే యైనచో ఆనాడే ఆయనతో అంతరించియుండును. కాని అట్లు జరుగలేదు. వెంకటరత్నము ఆ కళాశాలను నిలిపి, శిష్యులను తయారుచేసెను. రామారావు పేర వెలసిన చిత్రశాలలో ఆయన పటములు నేటికిని రాజమహేంద్రవరమున చూడవచ్చును.

పిల్లలందరును రామారావు లగుదురని మేము చెప్పము. లెక్కలు నేర్చినవారందరును గణితశాస్త్రవేత్త లగుచున్నారా? అయినను లెక్కలు అందరికిని నేర్పుచున్నాము. కన్నులారా చూచి, చూచినదానిని కాగితముపై నిలుపగల శక్తి వడ్రంగికి కావలెను, వైద్యునికి కావలెను, ఇంజనీరుకు కావలెను, తన పొలము పటమును తానే గీసికొనదలచిన రైతునకును కావలెను. వారమునకు రెండు గంటలు, ఒక పెన్సిలు, కొన్ని కాగితములు, ఓపిక గల ఉపాధ్యాయుడు. ఇంతకు మించి దీనికి వ్యయము లేదు.

నిజాంసాగరము కట్టక మునుపును మంజీర ప్రవహించుచునే యుండెను. 1923లో ఆరంభమైన ఆ పని 1931లో ముగిసి, కాలువలలో నీరు పారిన పిదపనే బోధను పొలములలో చెరకు విస్తరించెను. 1937లో చక్కెర కర్మాగారము వెలసెను. నది క్రొత్తగా పుట్టలేదు. లేనిది కాలువయే. మన పిల్లల విషయమునను ఇంతే.