రాముడికిచ్చిన పుస్తకానికి చెదలెందుకు పట్టాయి? బమ్మెర పోతన గారి కథ

ఈ వారం మన వీడియో పోతన గారి మీద. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన సంగతులు కొన్ని ఉన్నాయి. నిజానికి నాకు ముఖ్యమనిపించినవి అవే. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూడకపోయినా ఏం ఇబ్బంది లేదు.

పోతన గారు అనగానే మనలో చాలామందికి స్కూల్ తెలుగు పుస్తకం గుర్తొస్తుంది. పద్యం అప్పజెప్పాం, మార్కులొచ్చాయి, అయిపోయింది. తర్వాత ఉద్యోగం, ఈఎంఐలు, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం అంటూ పరుగులు మొదలయ్యాక లోపల ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. దేవుణ్ణి నమ్ముకుంటే ఆయన నిజంగా చెయ్యి వదలకుండా ఉంటాడా? ఈ ప్రశ్న పట్టుకుని నేను పోతన గారి దగ్గరికే వెళ్తాను. ఎందుకంటే ఆయన బతుకు సాఫీగా నడిచింది కాదు.

బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద జనగామ దాకా వెళ్ళి అక్కడ పాలకుర్తి వైపు తిరగాలి. పాలకుర్తి అంటే బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు. పక్కనే వల్మిడి, గుట్ట మీద రాముడి గుడి. అది వాల్మీకి ఉన్న చోటని అక్కడివాళ్ళ నమ్మకం. బమ్మెర పొలాల్లో పోతన గారి సమాధి అని చూపించే చోటు ఉంది. కడప జిల్లా ఒంటిమిట్ట వాళ్ళు పోతన మావాడే అంటారు, ఆ వాదన ఏకశిలానగరం అనే పేరు మీద నడుస్తుంది. ఓరుగల్లుకీ అదే పేరు ఉంది, పైగా ఇంటిపేరే బమ్మెర కాబట్టి నేను బమ్మెర వైపే. ఒంటిమిట్ట రామయ్యకి ఇందుకు కోపం రాదనే అనుకుంటున్నా.

ఆయనది 15వ శతాబ్దం. కాకతీయుల రాజ్యం పోయి వందేళ్ళు దాటింది. ఒకపక్క రాచకొండ వెలమ రాజులు, ఇంకోపక్క బహమనీ సుల్తానులు, మధ్యలో నలిగిపోయే పల్లెలు. తండ్రి కేసన, తల్లి లక్కమ్మ, అన్న తిప్పన. ఇల్లంతా శివభక్తులు. గురువు ఇవటూరి సోమనారాధ్యులు. ఆ రోజుల్లో పోతన గారు రాసింది వీరభద్ర విజయం, దక్షయజ్ఞం కథ. ఇక్కడ మహబూబాబాద్ జిల్లా కురవి గురించి ఒక్క మాట చెప్పాలి. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర జరిగే ఊరు అది. దక్షుడి యజ్ఞాన్ని ధ్వంసం చేసిన ఆ స్వామిని ఈ ప్రాంతం ఎంతగా గుండెలో పెట్టుకుందో ఆ జాతర చూస్తే తెలుస్తుంది. భాగవతం రాసిన చెయ్యి ముందు ఆ వీరభద్రుడి కథే రాసిందని ఎంతమందికి తెలుసు?

మరి శివభక్తుడు విష్ణుకథ ఎందుకు ఎత్తుకున్నారు? ఆ సంగతి భాగవతం మొదట్లో ఆయనే చెప్పుకున్నారు. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణం. పెద్దల అనుమతి తీసుకుని గంగలో స్నానం చేసి, ఇసుక తిన్నె మీద కూర్చుని, కళ్ళు అరమూసి మహేశ్వరుణ్ణి ధ్యానిస్తున్నారు. అప్పుడు ఎదుట కనిపించింది సీతమ్మతో ఉన్న రాముడు. భాగవతాన్ని తెలుగు చెయ్యమని, దాన్ని తన పేరనే రాయమని, అలా చేస్తే సంసార బంధాలు తెగుతాయని చెప్పి మాయమయ్యాడు. గమనించారా, తలుచుకున్నది శివుణ్ణి, వచ్చింది రాముడు! మనం అప్లికేషన్‌లో రాసిన పేరు ప్రకారమే దేవుడు పలకాలని లేదు.

ఆ గంగ ఎక్కడిది? ఉత్తర తెలంగాణ పల్లెల్లో గోదావరిని గంగ అనే పిలుస్తారు, అందుకే అది గోదావరే అనేవాళ్ళు ఉన్నారు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడైన యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ఆ ఇసుక మీద నిలబడితే ఎవరికైనా పోతన గారి గ్రహణం రాత్రి గుర్తురాక తప్పదు.

తర్వాత ఆయన చేసిన పని ఆ కాలానికి చాలా పెద్ద రిస్క్. అప్పట్లో కవికి జీతం అంటూ లేదు. కావ్యం రాసి రాజుకి అంకితం ఇస్తే అగ్రహారాలు, బంగారం, పల్లకీలు వచ్చేవి. భోగినీ దండకం కూడా పోతన గారిదేనని, అది సర్వజ్ఞ సింగభూపాలుడి కోసం రాసిందని చెప్తారు. అది నిజమైతే రాజుగారి గుమ్మం ఆయనకు తెలియనిది కాదు. అయినా భాగవతాన్ని ఏ రాజుకీ ఇవ్వలేదు. ఊళ్ళూ వాహనాలూ పుచ్చుకుని చివరికి యముడి చేత దెబ్బలు తినడం తనకొద్దని తేల్చి చెప్పి రాముడికే ఇచ్చేశారు. మరి తిండి? నాగలి పట్టి పొలం దున్నుకున్నారని మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. నాగయ్య గారు పోతనగా వేసిన పాత సినిమాలో కూడా ఇదే కథ. జనగామ వైపు భూములు మీకు తెలిసే ఉంటాయి, వాన మీద, చెరువు మీద ఆధారపడే నేల. అక్కడ వ్యవసాయం చేసేవాడు వాన వస్తుందన్న హామీ చేతిలో పెట్టుకుని దున్నడు. దుక్కి దున్ని పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఆకాశం వైపు చూస్తాడు. పోతన గారి నమ్మకం నాకు ఇలాంటిదిగానే కనిపిస్తుంది. పని మానేసి దేవుడి మీద భారం వెయ్యడం ఆయన ఎక్కడా నేర్పలేదు.

ఇప్పుడు గజేంద్ర మోక్షం, అష్టమ స్కంధం. మనం దీన్ని పిల్లల కథలా చెప్పేస్తాం: ఏనుగు పిలిచింది, విష్ణువు వచ్చాడు. పోతన గారు అంత తొందరగా తేల్చలేదు. ముందు ఏనుగు తన బలాన్నే నమ్ముకుంటుంది. వెయ్యేళ్ళు పోరాడుతుంది. మంద మొత్తం గట్టు మీద నిలబడి చూస్తుంది, ఎవరి వల్లా కాదు. చివరికి దేవుణ్ణి తలుచుకుంటుంది. కానీ అలా తలుచుకుంటున్నప్పుడే దానికో అనుమానం వస్తుంది. దీనుల దగ్గర ఉంటాడని, అన్ని దిక్కులా ఉంటాడని అందరూ చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడా లేడా అని. ఆ అనుమానాన్ని పోతన గారు దాచలేదు, తిట్టలేదు. ప్రార్థన మధ్యలోనే ఉంచారు. ఏనుగు ఆ అనుమానంతో పిలవడం ఆపలేదు కూడా. ఇంకాస్త గట్టిగా పిలిచింది. అనుమానం వచ్చింది కాబట్టి నా భక్తి పోయిందేమో అని భయపడేవాళ్ళు ఆ ఘట్టం ఒకసారి నెమ్మదిగా చదవండి.

ఏనుగు ఏ దేవుడి పేరూ ప్రత్యేకంగా పెట్టి పిలవలేదు. ఈ జగత్తు ఎవరి నుంచి పుట్టిందో ఆయన్ని పిలిచింది. మిగతా దేవతలు మమ్మల్ని కాదులే అని ఊరుకున్నారు. అంతటా ఉన్నవాడు కాబట్టి విష్ణువు కదిలాడు. ఎలా వచ్చాడంటే లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖం చక్రం పట్టుకోకుండా, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యకుండా వచ్చేశాడు. ఇక్కడే శ్రీనాథుడి కథ వస్తుంది. శ్రీనాథుడు పోతన గారి బావమరిది అని జనం చెప్పుకుంటారు. రాజసభల్లో బతికిన మనిషి. ఆయన ఆ పద్యం విని నవ్వాడట, ఆయుధం లేకుండా వెళ్ళి మీ దేవుడు మొసలిని ఏం చేస్తాడు బావా అని. పోతన గారు మాట్లాడలేదు. శ్రీనాథుడు భోజనానికి కూర్చున్నాక ఒక పెద్ద రాయి తీసుకెళ్ళి ఇంటి బావిలో పడేసి, పిల్లాడు పడిపోయాడని కేక పెట్టారు. శ్రీనాథుడు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. తాడేది, నిచ్చెనేది అని అడిగారట పోతన గారు. ఇది చరిత్రలో జరిగిందా అని నన్ను అడగకండి. మహిమల కథలు ఎన్ని ఉన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇందులో మహిమే లేదు, ఒక తండ్రి పరుగు తప్ప. ఇంకో సంగతి, ఆ రోజు మడుగులో మొసలికి కూడా విముక్తి దొరికింది. అది శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు.

ఇక టైటిల్‌లో అడిగిన ప్రశ్న. భాగవతం 12 స్కంధాలు. పోతన గారిది మొత్తం మనకు దక్కలేదు. సింగభూపాలుడు తనకు అంకితం ఇవ్వలేదన్న కోపంతో తాటాకుల్ని పాతిపెట్టించాడని కొందరు, ఉన్నచోటే చెదలు తినేశాయని కొందరు చెప్తారు. ఏదైనా నష్టం నష్టమే. నాకు మొదటిసారి ఇది తెలిసినప్పుడు నిజంగా కోపం వచ్చింది. రాయమన్నది రాముడు. రాజుల్ని కాదని, కూడు వదులుకుని ఆయన చేతిలో పెట్టారు. మొసలి నోట్లోంచి ఏనుగుని లాగినవాడు చెదపురుగుల నుంచి నాలుగు తాటాకుల్ని కాపాడలేడా?

దీనికి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. జరిగింది మాత్రం చెప్తాను. ఐదో స్కంధాన్ని బొప్పరాజు గంగన పూర్తి చేశారు. ఆరోది ఏర్చూరి సింగన. పదకొండు, పన్నెండు వెలిగందల నారయ, ఈయన పోతన గారి శిష్యుడని చెప్తారు. ఎవరికి వారు కవులే, ఎవరి పేరుతో వారు సొంత పుస్తకం రాసుకోవచ్చు. కానీ ఒక రైతు పుస్తకంలో పడిన కన్నాల్ని పూడ్చడానికి కూర్చున్నారు. పైగా ప్రహ్లాదుడు, గజేంద్రుడు, వామనుడు, అంబరీషుడు, రుక్మిణి ఉన్న ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది స్కంధాలు పోతన గారి పేరుతోనే మన చేతికొచ్చాయి. నమ్మినవాడికి ఏ నష్టమూ రాదని ఈ కథ చెప్పడం లేదు, అలా చెప్తే అబద్ధం అవుతుంది. వచ్చిన నష్టం దగ్గర కథ ఆగలేదు, అంతే. ఆ ఆకులు పోయిన రోజున గంగన, సింగన, నారయ వస్తారని ఎవరికి తెలుసు?

చదవడం మొదలుపెట్టాలనుకుంటే మొదటి స్కంధంతో కుస్తీ పట్టకండి, నేరుగా అష్టమ స్కంధం తెరవండి. అర్థం తాత్పర్యం ఉన్న పుస్తకం తీసుకుంటే రోజుకి నాలుగు పద్యాలు మెట్రోలో కూడా అయిపోతాయి. వచ్చే వారం వీడియో బలి చక్రవర్తి మీద. అదీ అదే స్కంధంలో ఉంది. జై శ్రీరామ్.