కెప్టెన్ క్లైవ్ సలివన్

గురజాలలో పెరిగిన మాకు పోటీ అంటే ముందు గుర్తొచ్చేది కోడిపందెం. మాచర్ల, గురజాల రాజ్యాల పరువును కోళ్ల కాళ్లకు కట్టిన కథ వినని పల్నాటి పిల్లలుండరు. ఆ కథలోనే మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనకు నాయకుడు. చిన్నప్పుడు ఆ మాట మాకు మామూలుగానే వినిపించేది. జట్టులో చోటు దొరకడం వేరు, జట్టు పగ్గాలు దొరకడం వేరు అని తెలిశాక ఆ కథ మొత్తంలో అసలు విశేషం అదేననిపించింది.

పల్వంకర్ బాలూ సంగతి మన పాఠకులకు కొత్త కాదు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 100కు పైగా వికెట్లు తీసిన ఆ చమార్ బౌలర్‌ను హిందూ జట్టు ఏనాడూ కెప్టెన్‌గా ప్రకటించలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో గానీ ఆ పదవి దక్కలేదు. ఇదే ప్రశ్న బ్రిటన్‌లో ఎలా తేలిందని వెతుకుతూ పోతే మనకు అంతగా పరిచయం లేని ఒక ఆట, ఒక మనిషి ఎదురయ్యారు. ఆట రగ్బీ లీగ్, మనిషి క్లైవ్ సలివన్.

ముందు ఆ ఆట పుట్టుక చెప్పాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు రగ్బీ మ్యాచ్‌కు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని తాము చెల్లిస్తామని క్లబ్బులు అడిగితే రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని ఆడటం ఆటకే మైల అన్నట్టు మాట్లాడారు. (ఆ శుద్ధి భాష మనకు బాగా తెలిసిందే.) 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో 20కి పైగా క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. పనికి వెళ్లలేని రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వొచ్చని రాసుకున్నాయి. అలా విడిపోయిన ఆటే తర్వాత రగ్బీ లీగ్ అయింది. 1908లో ఆస్ట్రేలియా జట్టు బ్రిటన్ వచ్చింది, 1910లో బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా వెళ్లింది. క్రికెట్‌లో లాగే ఆ టెస్టులకూ యాషెస్ అనే పేరు నిలిచింది. వారాల తరబడి ఓడ ప్రయాణం చేసి దేశం తరఫున ఆడి రావడం ఒక గని కార్మికుడికి జీవితకాలపు గౌరవం. 1954లో ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ కప్ జరిగితే బ్రిటనే గెలిచింది.

అయితే ఆ గౌరవం అందరికీ ఒకేలా అందలేదు. 1957లో ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్ ముగించుకుని వస్తూ బ్రిటన్ జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. నల్లజాతి ఆటగాడు బిల్లీ బోస్టన్‌కు అక్కడ ఆడే వీల్లేదు. అతను లేకుండానే జట్టు ఆడేసింది. కూలి కోసం తెగించి పుట్టిన ఆట కూడా రంగు దగ్గరికి వచ్చేసరికి తల వంచిందని ఇక్కడ రాసుకోక తప్పదు.

బోస్టన్‌ది వేల్స్‌లోని కార్డిఫ్ రేవు ప్రాంతం. సలివన్ కూడా ఆ నగరంవాడే. 1943 ఏప్రిల్ 9న స్ప్లాట్ అనే కార్మికవాడలో, జమైకా మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలో కాళ్లకు వరసగా ఆపరేషన్లు జరిగాయి. మామూలుగా నడవడమే కష్టమన్నారు డాక్టర్లు. పెద్దయ్యాక సైన్యంలో చేరాడు. వెల్ష్ కుర్రాడు కదా, రగ్బీ వచ్చే ఉంటుందని అక్కడ జట్టులో వేశారు. పరుగెత్తి చూపించాడు.

వేల్స్‌లో రగ్బీ యూనియన్ దాదాపు మతం లాంటిది. నల్లవాళ్లను తీసుకోకూడదని అక్కడ రాతపూర్వక నియమం లేదు, కానీ 1983 దాకా వేల్స్ యూనియన్ జట్టులో ఒక్క నల్ల ఆటగాడూ కనిపించడు. అందుకే కార్డిఫ్ కుర్రాళ్లు ఉత్తరాదికి వలసపోయారు. 1961 డిసెంబరులో హల్ క్లబ్ సలివన్‌ను అసలు పేరు బయటపెట్టకుండా పరీక్షకు దింపింది. ఆ మ్యాచ్‌లో మూడు ట్రైలు చేశాడు. బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకిస్తే అది ట్రై. 1963లో కారు ప్రమాదంలో చావు దగ్గరిదాకా వెళ్లి కూడా తిరిగొచ్చి, హల్ తరఫున మొత్తం 250 ట్రైలు పూర్తి చేశాడు.

1967లో గ్రేట్ బ్రిటన్ జట్టులోకి వచ్చాడు. 1972లో కెప్టెన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా బ్రిటన్ జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు ఆ పని చేయడానికి 1993 వరకు ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్. బ్రిటన్ ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ సలివన్ ట్రై చేశాడు. నవంబరు 11న లియాన్‌లో ఆస్ట్రేలియాతో ఫైనల్. ప్రత్యర్థుల చేజారిన బంతిని తన సగంలో అందుకుని, ఎవరికీ చిక్కకుండా గీత దాకా పరుగెత్తాడు. నడవలేడన్న కాళ్లవి. స్కోరు 10-10 దగ్గర ఆగింది, అదనపు సమయంలోనూ తేలలేదు. లీగ్ దశలో మెరుగ్గా ఆడినందున కప్పు బ్రిటన్‌కు దక్కింది. కప్పు ఎత్తింది సలివన్. స్టేడియంలో ఉన్నది 4,500 మంది లోపే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ బ్రిటన్ జట్టూ రగ్బీ లీగ్ పురుషుల ప్రపంచ కప్ గెలవలేదు. అయినా క్రీడాచరిత్ర చెప్పేటప్పుడు ఈయన పేరు ఇట్టే జారిపోతుంది. రంగుతో పాటు, అది కూలివాళ్ల ఆట కావడమూ అందుకు కారణమని మేమనుకుంటున్నాం.

హల్ నగరంలో రెండు క్లబ్బులు, మధ్యలో నది. మన మాచర్ల, గురజాలల్లాగే రెంటికీ పడదు. సలివన్ 1974లో అవతలి క్లబ్బు హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌కు మారి, దానికీ 118 ట్రైలు చేశాడు. 1980లో వెంబ్లీలో 95 వేల మంది ముందు చాలెంజ్ కప్ ఫైనల్‌లో పాత క్లబ్బుపైనే 10-5తో గెలిచిన జట్టులో ఉన్నాడు. తర్వాత పాత క్లబ్బు పిలిస్తే వెళ్లి, 39 ఏళ్ల వయసులో 1982 చాలెంజ్ కప్ రీప్లే ఆడి, ఆ కప్పూ గెలిచాడు. ఆయన మీద కోపం పెట్టుకున్న ఒడ్డు లేదు.

1985 అక్టోబరులో క్యాన్సర్‌తో పోయాడు. వయసు 42. పడమటి వైపు నుంచి హల్ నగరంలోకి వచ్చే పెద్ద రోడ్డుకు క్లైవ్ సలివన్ వే అని పేరు పెట్టారు. కార్డిఫ్ మాత్రం 2023 దాకా ఆగి, బిల్లీ బోస్టన్, గస్ రిస్మన్, క్లైవ్ సలివన్‌ల విగ్రహాలు రేవు దగ్గర నిలబెట్టింది. ముగ్గురూ ఆ ఊరు వదిలి వెళ్లి ఆడినవాళ్లే.